ఎమిల్ హుడాక్ కట్టిన పన్ను

నది ఒడ్డున ఉన్న మెర్సర్ ల్యాండింగ్ ఊళ్ళో, గాజు ఫ్యాక్టరీలో ఎమిల్ హుడాక్‌ది అచ్చుల వర్క్‌షాపులో పని. కరిగిన గాజు పోసే ఇనుప అచ్చుల్ని లోపలివైపు సానబట్టి నునుపు చెయ్యాలి. అచ్చులో వెంట్రుకంత గీత ఉన్నా అది గ్లాసు మీద దిగిపోతుంది. మీసాలు సరిగ్గా మొలవని వయసులో ఆ షాపులో అడుగుపెట్టినవాడు, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. ఆ నది ఒడ్డున ఏ హోటల్లో కూర్చున్నా మంచినీళ్ళ గ్లాసును బొటనవేలితో ఓసారి తడిమి "ఇది మనదే" అనేవాడు. "తెలుసులేవయ్యా, ముందు తాగు" అనేది భార్య వెర్లీన్.

2010 జనవరిలో ఫ్యాక్టరీ మూసేసి కొలిమి ఆర్పేశారు. గాజు కొలిమి అంటే ఇంట్లో పొయ్యి కాదు, ఆర్పగానే ఆరిపోవడానికి. చల్లారడానికి చాలా రోజులు పట్టింది. అన్ని రోజులూ పనివాళ్ళు ఎవరో ఒకరు గేటు దాకా వచ్చి, పొగగొట్టం వైపు చూసి, మంచులో కాళ్ళు తపతపలాడించుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. ఎమిల్ మాత్రం వెళ్ళలేదు. ఆఖరి రోజున పనిముట్ల పెట్టె తెచ్చి గ్యారేజీలో పెట్టాడు. వెర్లీన్ వండిన క్యాబేజీ నూడుల్స్ తిన్నాడు. తిన్న ప్లేటు కడిగి బోర్లించి, "అయిపోయిందే" అన్నాడు. అంతే.

ఎమిల్ తండ్రి స్టెఫాన్ గనిలో పనిచేసిన మనిషి. కరువు రోజుల్లో గని మూతపడ్డప్పుడు, ఊళ్ళో సగం మంది ప్రభుత్వం పోసే సూపు కోసం గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడితే, ఆయన రైలు పట్టాల వెంట రాలిన బొగ్గు ఏరి అమ్ముకున్నాడట. ఆ సంగతి పండగ భోజనాల దగ్గర ప్రతి ఏడూ చెప్పేవాడు. వినీ వినీ ఎమిల్‌కు అది కథలా కాక ఆజ్ఞలా ఒంటబట్టింది. హుడాక్‌ల చెయ్యి ఇంకొకరి ముందు చాచేది కాదు.

అలాంటివాడు నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. వెర్లీన్ బడి వంటగదిలో పూటపనికి వెళ్ళేది. ఆ జీతం ఒక్కదానితో ఇల్లు గడవదు. ఆమే పక్కన కూర్చుని ఫోను కలిపింది. పేరు, ఊరు, పనిచేసిన చోటు అన్నీ అడిగి, చివర్లో అవతలి గొంతు ఇంకొకటి అడిగింది: వచ్చే భృతిలోంచి పది శాతం ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకోమంటారా?

ఎమిల్ ఫోను చేత్తో మూసి వెర్లీన్ వైపు తిరిగాడు. "విన్నావా? ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటారట!"

"ఎందుకడుగుతున్నారో కనుక్కోవయ్యా. తర్వాతేమైనా మెడకు చుట్టుకుంటుందేమో."

"వాళ్ళిచ్చేదే దానం. దానానికి పన్నెక్కడైనా ఉంటుందా? చర్చిలో కానుక పళ్ళెంలో వేసినదానికి పన్ను అడిగినట్టుంది." ఫోనులో "వద్దు" అని చెప్పేశాడు.

అతని గొంతులో అంత కోపం వెర్లీన్ విని చాలా రోజులైంది. అది ఫోను మీద కోపం కాదని ఆమెకు తెలుసు.

చర్చివాళ్ళు శుక్రవారాలు మాంసం మానే తపస్సుకాలం వచ్చింది. ఆ ఆరు వారాలూ శుక్రవారం సాయంత్రం ఊరు ఊరంతా ఫైర్ హాల్లోనే ఉంటుంది. అక్కడ చేపలు వేయించి అమ్మి, వచ్చిన డబ్బుతో ఫైర్ ఇంజనుకు టైర్లూ గొట్టాలూ కొంటారు. నూనె మూకుడు దగ్గర ఎమిల్ తప్ప ఇంకొకరు నిలబడిన జ్ఞాపకం ఎవరికీ లేదు. పిండి జారకుండా, ముక్క ఎండిపోకుండా వేయించడం అతనికే చాతనవును. ఆ ఏడు మొదటి శుక్రవారం కూడా ఎప్పటిలాగే ఆప్రాన్ కట్టుకుని నిలబడ్డాడు.

డబ్బాలో డబ్బు తీసుకునేవాడు క్లీట్ రస్క్. నది ఎగువన బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటులో పని. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద చదువుకున్నారు. క్లీట్ నోరు తెరిస్తే హాలు నవ్వాలి, అది అతని సరదా.

"ఏరా ఎమిల్! ఇంట్లో కూర్చోబెట్టి డబ్బిస్తున్నారటగా నీకు! మేమేమో పన్నులు కట్టడం, నువ్వేమో చేపలు వేయించుకోవడం. బాగుందిరా నీ బేరం!"

వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఫ్యాక్టరీ పోయినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు ఇంకాస్త గట్టిగా నవ్వారు. ఎమిల్ మూకుట్లో ఉన్న వాయి పూర్తయ్యేదాకా ఆగాడు. ముక్కలన్నీ తీసి, నూనె ఓడ్చి, పళ్ళెంలో పేర్చాడు. ఆప్రాన్ విప్పి మేకుకు తగిలించి, వెనక తలుపు గుండా వెళ్ళిపోయాడు. మరుసటి శుక్రవారం రాలేదు. ఆ పైవారమూ రాలేదు.

అలా ఏడాది గడిచింది. ఎమిల్ పని వెతకని రోజు లేదు. నది అటువైపు, ఇటువైపు, తన ట్రక్కు వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ప్రతి వర్క్‌షాపు గుమ్మం ఎక్కాడు. అన్ని చోట్లా మర్యాదగా కుర్చీ వేసి, వయసు అడిగి, కబురు చేస్తామన్నారు. సరుకులకు పక్క ఊరు వెళ్ళడం మొదలుపెట్టాడు, తెలిసిన ముఖాలు ఎదురుపడతాయని. చర్చిలో చివరి వరసకు మారాడు. తిండి దగ్గర కూడా ఏదో తేడా వచ్చింది. వెర్లీన్ రెండోసారి వడ్డించబోతే ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"ఆకలి లేదా?"

"చాల్లే."

"ఏడాది కిందట ఇదే కూర మూడుసార్లు వేయించుకునేవాడివి."

"అప్పుడది నా కష్టార్జితం."

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసి, వచ్చి అతని పక్క కుర్చీలో కూర్చుంది. తన ప్లేటులోంచి ఒక బంగాళాదుంప ముక్క తీసి అతని ప్లేటులో వేసింది. "ఇది బడి వంటగది కష్టార్జితం. తిను." అతను తిన్నాడు.

మరుసటి జనవరి చివర ప్రభుత్వం నుంచి ఒక కాగితం వచ్చింది. గడిచిన ఏడాదంతా ఎంత భృతి ఇచ్చిందీ, అందులో ఎంత పన్ను పట్టుకుందీ దాని మీద ఉంది. పట్టుకున్నదనే చోట సున్నా. ఎమిల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి టేబుల్ మీద పడేశాడు. వెర్లీన్ మాత్రం తన జీతం కాగితంతో కలిపి దాచింది. ప్రతి ఫిబ్రవరిలోనూ వాళ్ళకు కొంత పన్ను రిఫండ్ వచ్చేది. ఈసారి దానితో వాషింగ్ మెషీన్ కొనాలని ఆమె ఆశ. ఉన్న మెషీను నడక నేర్చింది. తిరిగేటప్పుడు గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు పోతుంటే, ఆపడానికి ఆమె దాని మీదెక్కి కూర్చోవాల్సి వస్తోంది.

లైబ్రరీ వెనక గదిలో ఐడెల్లా క్రమ్ చలికాలం చివర్లో కూర్చుని, వచ్చినవాళ్ళ పన్ను రిటర్నులు డబ్బు తీసుకోకుండా వేసిపెట్టేది. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. మనిషికీ మనిషికీ మధ్య ఖాళీ దొరికితే ఊలు అల్లేది. వెర్లీన్ బలవంతం మీద ఎమిల్ ఆమె ఎదుట కూర్చున్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని.

ఐడెల్లా కాగితాలు చదివింది. కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఏడాదంతా భృతేనా, నాయనా?"

"అవునమ్మా."

"పన్నేమీ పట్టుకోలేదే!"

"నేనే వద్దన్నాను. దానం మీద పన్నుంటుందని ఎవరనుకుంటారు?"

"దానమని నీకెవరు చెప్పారు?"

ఎమిల్ టోపీ అంచు నలిపాడు. "చెప్పాలా? పని చెయ్యకుండా వస్తోంది. దానం కాక ఏమిటి?"

ఐడెల్లా అల్లిక పక్కన పెట్టింది. "చూడు నాయనా. చర్చివాళ్ళు నీ ఇంటికి సరుకుల బుట్ట తెచ్చిచ్చారనుకో, దాని మీద ప్రభుత్వం నిన్ను పైసా అడగదు. అది దానం. ఇది అలా కాదు. నువ్వు పనిచేసినన్నాళ్ళూ మీ కంపెనీ పనివాళ్ళ కోసం ఈ నిధికి కడుతూ వచ్చింది. పని పోయినప్పుడు ఆదుకునే బీమా ఇది. పన్నులవాళ్ళ లెక్కలో ఇది జీతం పక్కన కూర్చునే ఆదాయం. పింఛను కోసం కోసేవీ, వైద్యం కోసం కోసేవీ దీంట్లో కొయ్యరు, అంతవరకే తేడా. ఆదాయపు పన్ను మాత్రం జీతానికి వేసినట్టే వేస్తారు."

ఆమె మీటలు నొక్కి లెక్క తేల్చింది. రిఫండ్ లేదు సరికదా, ఎదురు కట్టాల్సింది వెయ్యి డాలర్ల పైమాటే. వెర్లీన్ ఒళ్ళో ఉన్న సంచీని గట్టిగా పట్టుకుంది. వాషింగ్ మెషీను ఆమె కళ్ళ ముందు నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. భయంభయంగా మొగుడి వైపు చూసింది, ఇప్పుడు లేచి బల్ల గుద్దుతాడేమోనని.

ఎమిల్ కదల్లేదు. "అమ్మా, ఒక్కమాట" అన్నాడు. "అంటే, పోయిన ఏడాదంతా నేను పన్ను కట్టే మనిషినేనా?"

"ఇంకా కట్టలేదు కదా. కట్టాల్సిన మనిషివి. ఏప్రిల్ మధ్యలోగా."

"అందరిలాగే?"

"అందరిలాగే. నీకేమైనా చిన్న పన్ను వేరే ఉంటుందనుకున్నావా?"

ఎమిల్ నవ్వడం మొదలుపెట్టాడు. ముందు గొంతులో, తర్వాత భుజాల్లో. నవ్వుతూనే టోపీతో కళ్ళు తుడుచుకున్నాడు. అప్పు పడ్డందుకు అంత ఆనందించిన మనిషిని ఐడెల్లా ఆ గదిలో ఎప్పుడూ చూడలేదు. వెర్లీన్‌కు మాత్రం అర్థమైంది. ఏడాది పాటు ఇతను మోస్తూ తిరిగిన బరువు ఏమిటో ఆమెకు తెలుసు కాబట్టి, బరువు దిగిన చప్పుడు కూడా ఆమెకే వినిపించింది. చెయ్యి చాపి అతని మోకాలి మీద వేసింది.

"అంతా ఒక్కసారే కట్టేస్తాను" అన్నాడు ఎమిల్. "గ్యారేజీలో ఉన్న పడవ అమ్మేస్తాను."

"అదిగో, మళ్ళీ మొదలు!" అంది వెర్లీన్. "అయ్యా మహారాజా, ఆ పడవకు వచ్చే డబ్బుతో పన్ను కాదు, పన్ను కాగితానికి అంటించే స్టాంపు కూడా రాదు."

ఐడెల్లా నవ్వింది. "పడవ అమ్మి పరువు కొనక్కర్లేదు నాయనా. రిటర్ను మాత్రం గడువులోపల వెయ్యాలి. చేతిలో డబ్బు లేదని రిటర్ను ఆపేస్తేనే పెద్ద జరిమానా. ఏప్రిల్‌లోపు ఎంత కట్టగలిగితే అంత కట్టు. మిగిలింది నెలనెలా కడతానని అడుగు, ఒప్పుకుంటారు. కాస్త వడ్డీ పడుతుంది, పడనీ. అది జరిగినదానికి. ఇక జరగబోయేదానికి, ఈ వారం నుంచే పది శాతం పట్టుకోమని చెప్పు. దరఖాస్తు రోజున వద్దన్నా ఇప్పుడు మార్చుకోవచ్చు."

"పది శాతంతో సరిపోతుందా?" వెర్లీన్ అడిగింది.

"మంచి ప్రశ్న వేశావు. నీ జీతం కూడా కలుస్తుంది కాబట్టి కాస్త తక్కువ పడచ్చు. బడి ఆఫీసులో చెప్పి నీ జీతంలో ఇంకొంచెం ఎక్కువ కోయించుకో. అదీ వద్దనుకుంటే మూణ్ణెల్లకోసారి మీరే కట్టచ్చు. కానీ చేతికొచ్చిన డబ్బు చేతిలో ఉండదమ్మా. చూడని డబ్బు మీద ఆశ ఉండదు. ముందే పోనివ్వండి."

ఆ రోజు ఇంటికొచ్చి ఎమిల్ మొదట చేసిన పని ఫోను. పది శాతం పట్టుకోమని చెప్పాడు. చెప్పేటప్పుడు లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత ఇద్దరూ వంటింట్లో కూర్చుని, వారం వారం చేతికి తక్కువొస్తే ఏది మానుకోవాలో మాట్లాడుకున్నారు. టీవీకి కేబుల్ మానేద్దామని ఎమిల్ అన్నాడు. బేస్‌బాల్ ఎలా చూస్తావని ఆమె అడిగింది. రేడియోలో వింటానన్నాడు. వాషింగ్ మెషీను సంగతి అతనే ఎత్తాడు. కింద నాలుగు రబ్బరు ముక్కలు పెట్టి, గోడకు ఇనుప పట్టీతో బిగించాడు. "నడవడం మానింది, గొణుగుతోంది" అంది వెర్లీన్. "నన్ను చూసి నేర్చుకుంది" అన్నాడతను. ఆ పూట భోజనంలో రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

తపస్సుకాలం మళ్ళీ వచ్చింది. మొదటి శుక్రవారం ఎమిల్ ఫైర్ హాలు వెనక తలుపు తీసుకుని లోపలికెళ్ళాడు. పోయిన ఏడు అతను వెళ్ళిపోయాక మూకుడు దగ్గర ఎవరెవరో నిలబడ్డారు. ముక్కలు సగం పచ్చి, సగం మాడు. క్లీట్ డబ్బా దగ్గర్నుంచి చూసి కేకేశాడు.

"ఎవరొచ్చారో చూడండర్రా! నాయనా, బతికే ఉన్నావా? పోయిన ఏడు మాచేత చెప్పు అట్టలు తినిపించారురా వీళ్ళు!"

ఎమిల్ ఆప్రాన్ కట్టుకున్నాడు. ఏం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు. "క్లీట్, నేనూ కడుతున్నాను. భృతిలోంచి వారం వారం పది శాతం. పోయిన ఏడాదిది కూడా వాయిదాల్లో కడుతున్నాను. మన వంతెన మీద గుంతల్లో ఒకటి నా డబ్బుతో పూడ్చిందే. చేపలు వేయించుకున్నందుకు నీకేమీ బాకీ లేను."

వరస గొల్లుమంది. క్లీట్ మాత్రం నవ్వలేదు. అయోమయంగా చూశాడు. "ఏమిట్రా ఇదంతా? ఎవరేమన్నారు నిన్ను?"

"నువ్వే అన్నావు. పోయిన ఏడు, ఇక్కడే."

క్లీట్ ఎంత తవ్వుకున్నా ఆ మాట అతనికి గుర్తు రాలేదు. గుర్తు రానందుకే ముఖం కందిపోయింది. "ఒరేయ్, నేను నోటికొచ్చింది వాగుతానని నీకు బెంచీ మీద కూర్చున్నప్పట్నుంచీ తెలుసు కదరా. ఆ ముక్క పట్టుకుని ఏడాది ఇంట్లో కూర్చున్నావా? వచ్చి నా పళ్ళు రాలగొట్టాల్సింది."

"నీ పళ్ళు రాలగొడితే నా చేపలు ఎవరు తింటార్రా?"

క్లీట్ డబ్బా వదిలేసి మూకుడు దగ్గరికొచ్చాడు. పిండి గిన్నె ఎత్తి ఎమిల్ చేతికి దగ్గరగా పెట్టాడు.

ఆ ఆరు వారాలూ ఎమిల్ చేపలతో పాటు పది శాతం కూడా వడ్డించాడు. ఫ్యాక్టరీ పోయినవాళ్ళు ప్లేటు చాపగానే, "పట్టుకోమన్నావా, లేదా?" అని అడిగేవాడు. లేదంటే, "లైబ్రరీకి పో, ఐడెల్లమ్మను చూడు" అనేవాడు. "మామూలు చేప ఒకటి వెయ్యవయ్యా, సలహా లేకుండా" అని ఒకామె విసుక్కుంది కూడా. అయినా మరుసటి సోమవారం ఆమె లైబ్రరీలో కనబడిందని ఐడెల్లా చెప్పింది.

ఆ శరదృతువులో నది అవతల ఇనుము పోతపోసే ఒక చిన్న ఫౌండ్రీలో ఎమిల్‌కు పని దొరికింది. పాత జీతంతో పోలిస్తే తక్కువే. వాయిదాలు అప్పటికే తీరిపోయాయి. ఆఖరి వాయిదా కట్టిన రోజున వెర్లీన్ చెర్రీపళ్ళు పెట్టి 'పై' అనే తీపి పిండివంట చేసింది. ఎమిల్ సగం తినేశాడు.

ఇంకొన్నేళ్ళకు కరెంటు ప్లాంటు కూడా మూసేశారు. బొగ్గుకు రోజులు చెల్లాయన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఎమిల్ గ్యారేజీలో పడవకు తారు పూస్తుంటే, గుమ్మంలో క్లీట్ నిలబడ్డాడు. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు.

ఎమిల్ తారు కుంచె డబ్బాలో పెట్టి, ఒక బకెట్టు బోర్లించి తోశాడు. "కూర్చో."

క్లీట్ కూర్చున్నాడు. "దరఖాస్తు పెట్టాలట. మా ఆవిడ అంటోంది. నాకు చేతులు ఆడట్లేదురా."

"నాకూ ఆడలేదు."

"నువ్వేం చేశావు?"

"తప్పు చేశాను. నువ్వు చెయ్యకు, అంతే." ఎమిల్ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "లోపలికి పద. వెర్లీన్ సూపు పెట్టింది. తిన్నాక ఇద్దరం కలిసి కంప్యూటర్లో నింపుదాం. పన్ను గురించి అడిగే చోట నువ్వు కళ్ళు మూసుకున్నా పరవాలేదు, నేను నొక్కుతాను."

సూపు తింటున్నంతసేపూ వెర్లీన్ ప్లాంటు ఊసెత్తలేదు. కుక్కల గురించి, వానల గురించి మాట్లాడింది. క్లీట్ ఖాళీ గిన్నె చూసి మళ్ళీ నింపింది. అతను వద్దనలేదు.

ఐడెల్లాకు మోకాళ్ళు పట్టేసి కూతురు దగ్గరికి వెళ్ళిపోయిన ఏడు, లైబ్రరీవాళ్ళు ఎమిల్‌ను అడిగారు, ఆ కుర్చీలో కూర్చుంటారా అని. అప్పటికి ఫౌండ్రీ నుంచి రిటైరయ్యాడు. కానీ ఆ పని చెయ్యాలంటే ముందు పరీక్ష రాయాలి. బడి మానేశాక ఎమిల్ పరీక్ష రాసింది లేదు. పుస్తకం ముందేసుకుని నెలరోజులు వంటింట్లో తలపట్టుకుని కూర్చున్నాడు. వెర్లీన్ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది, స్కార్ఫ్ తలకు చుట్టుకుని, రిటర్ను వేయించుకోడానికి వచ్చినదానిలా.

"అయ్యా, నాది సర్కసులో తీగ మీద నడిచే ఉద్యోగం. తీగ తెగింది, ఉద్యోగం పోయింది. ముగ్గురు మొగుళ్ళు. ఒకడికి లాటరీ తగిలింది. ఏనుగును నా మీద ఆధారపడ్డ ప్రాణిగా చూపించి పన్ను తగ్గించుకోవచ్చా?"

ఎమిల్ పెన్సిలు పట్టుకుని ముందు నిజంగానే ఆలోచించాడు. "ఏనుగు వయసెంత?" అన్నాడు. అని, తన ప్రశ్న తనకే వినబడి, నవ్వు ఆపుకోలేక పుస్తకం మీద తల వాల్చేశాడు. వెర్లీన్ స్కార్ఫ్ జారిపోయేలా నవ్వింది.

మొదటిసారి రాసినప్పుడు పోయింది. రెండోసారి గట్టెక్కాడు. ఫలితం చూడగానే లైబ్రరీ మెట్ల మీంచే ఇంటికి ఫోను చేశాడు.

"పాసయ్యానే" అన్నాడు. "ఏనుగు మాత్రం రాలేదు."

"వచ్చేటప్పుడు పాలు పట్రా" అంది వెర్లీన్. అతను ఇంకాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె కూడా పెట్టెయ్యలేదు.